పోయొస్తా

మే 5, సోమవారం

హర్షిణిని నేను వదలను. ముందు ఈ మాట రాసుకున్నాను. ఇక జరిగింది రాస్తాను.

ఈ రోజు డెమో. మా ఆఫీసు కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక కళ్ళజోళ్ళ షాపు పైన ఉంటుంది. ఉన్న ఒక్క ఏసీ కాన్ఫరెన్స్ రూములో ఉంది. అందులో ఆసుపత్రి పరిపాలన చూసే ఆఫీసరు, ఏఓ గారు, కూర్చున్నారు. వాళ్ళ ఓపీ టోకెన్ సిస్టం మేము చేశాం. మేము అంటే నేను. చలికాలమంతా శాలువా కప్పుకుని కూర్చుని రాసింది నేను. తెర మీద చూపించింది హర్షిణి. అంతవరకూ నాకు బాధ లేదు, ఆమెకు మాట్లాడడం వచ్చు, నాకు రాదు.

ఏఓ ఒక ప్రశ్న అడిగాడు. ట్రయల్ రన్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సిస్టం మొరాయిస్తోందట, ఎందుకు అని. జవాబు నాకు తెలుసు. కౌంటర్లన్నీ కలిసి వాడుకునే డేటాబేస్ కనెక్షన్ ఒకటుంది. అది ఏ ఒక్క కౌంటరుదీ కాదు, క్లాసుది, అంటే కౌంటర్లన్నిటికీ మూసగా నేను రాసిన కోడ్‌ది. తెరిచింది క్లాసు కాబట్టి మూయాల్సిందీ క్లాసే, సర్వర్ ఆపేటప్పుడు, ఒక్కసారి. కరెంటు పోతే ఆ మూసే ఘడియ రాదు, పాత కనెక్షన్ అట్లాగే వేలాడుతుంది. స్టార్టప్‌లో పాతదాన్ని వెతికి తీసేసే నాలుగు లైన్లు రాస్తే చాలు.

నేను నోరు తెరిచేలోపు హర్షిణి అందుకుంది. ఆస్మా కోడ్ బాగానే రాస్తాది కానీ క్లీనప్ చేయదు సార్, అంతా గలీజుగా వదిలేసి లేస్తాది, వాళ్ళ నాయన దేగులు కడిగే మనిషి, ఈమెకు మాత్రం ఆ గుణం రాల్యా అంది.

ఏఓ నవ్వాడు. మా ఓనరు ప్రకాశం సార్ కూడా నవ్వాడు. నేను కూడా నవ్వాను, అదే నాకు మింగుడు పడడం లేదు.

మా నాయన హజరత్ వలి కర్నూలులో మా పేట జమాత్ దేగులు చూసుకుంటాడు. పెళ్ళిళ్ళకు బిర్యానీ వండే పెద్ద పెద్ద రాగి పాత్రలు. ఎవరింట్లో కార్యమైనా అవే పోతాయి, అవే వస్తాయి. ఆ సంగతి హర్షిణికి చెప్పింది నేనే, రంజాన్ నెలలో ఒక సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఒకే గిన్నెలో హలీం తింటూ. అప్పుడు ఆమె నాకు స్నేహితురాలు.

డెమో అయ్యాక ఆమెను టీం లీడ్ చేశారు.

మే 6

మధ్యాహ్నం తినలేదు. ఆకలి లేక కాదు, మెస్సులో ఆమె కూర్చుని ఉంది.

మే 8, గురువారం

అల్లా ఉన్నాడు.

హర్షిణి నా కోడ్‌ని "శుభ్రం" చేసింది. ప్రతి ఆబ్జెక్టూ తన గలీజు తనే ఎత్తుకోవల్ల అని ప్రకాశం సార్‌కి స్లైడు కూడా వేసి చూపించింది. ఆయనకు శానా నచ్చిందట. తప్పులుంటే పట్టమని ఆ మార్పు రివ్యూకి నాకే వచ్చింది.

క్లాసు చివర్లో ఒక్కసారి చేసే క్లీనప్‌ని తీసేసి, దాన్ని ఒక్కొక్క కౌంటరు లాగౌట్‌లో పెట్టింది. కౌంటరు లేచిపోయేటప్పుడు తనది తాను మూసుకుంటుందని ఆమె లెక్క. కానీ మూసేది దానిది కాదు కదా. అది అందరిదీ. మొదట తిని లేచినవాడు, మిగతా పంక్తి ఇంకా తింటూ ఉండగానే దేగ్ బోర్లించి కడిగేసినట్టు ఉంది. ఏ ఒక్క కౌంటరు లాగౌట్ అయినా ఆ క్షణంలో అన్ని కౌంటర్లూ చస్తాయి.

ఇది టెస్టుల్లోనే దొరకాలి. దొరికింది కూడా. నా టెస్టుల్లో అన్నీ అయ్యాక ఒకే ఒక్క క్లీనప్ ఉండేది, దాన్నీ ఆమె ఒక్కో టెస్టు చివరికి మార్చింది. మొదటిది పాసై పచ్చగా వచ్చి, రెండోదాని నుంచి అన్నీ ఫెయిలై ఎర్రగా వచ్చి ఉంటాయి. ఎందుకు అని అడగాలి కదా మనిషి. అడగలేదు. మొదటి టెస్టు ఉంచి మిగతావన్నీ కొట్టేసింది. ఇప్పుడు అంతా పచ్చగానే ఉంది. తన లాప్‌టాప్‌లో ఒకే కౌంటరు తెరిచి చూసుకుంది, బాగానే పనిచేసింది. ఒక్కడే తినే పంక్తిలో ఎవడు ముందు లేస్తే ఏం.

చూసినావా, ఓకేనా అని చాట్‌లో అడిగింది. చూశాను. అప్రూవ్ నొక్కాను. "లుక్స్ గుడ్ టు మీ" అని కూడా రాశాను. బొమ్మ కూడా పెట్టాను, బొటనవేలు.

సోమవారం నుంచి నన్ను సపోర్టుకు ఆసుపత్రిలో కూర్చోమన్నారు. అవమానంగా పంపుతున్నామనుకుంటున్నారు. ముందు వరసలో సీటు ఇస్తున్నారని వాళ్ళకు తెలియదు.

మే 12, సోమవారం

గో లైవ్. ఈ రోజు నుంచి సిస్టం నిజం రోగులకు నడుస్తుంది.

ఓపీ హాలులో మూడు కౌంటర్లు, అద్దాల వెనక. నాకు వాళ్ళ వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. తలుపు తీయగానే జనం. మైదుకూరు నుంచి, ప్రొద్దుటూరు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మొదటి బస్సుకే వచ్చినట్టున్నారు. ఎండకు గోడలు కూడా వేడిగా ఉన్నాయి.

ఒకటో కౌంటర్లో ఏసుమణి. యాభైకి దగ్గరగా ఉంటుంది. ఇన్నేళ్ళూ ఇదే ఆసుపత్రిలో వార్డులు తుడిచింది. కూతురి దగ్గర ఫోన్లో అక్షరాలు కొట్టడం నేర్చుకుని, ఏఓ చుట్టూ తిరిగి తిరిగి, ఈ సంవత్సరమే కౌంటరుకు వచ్చింది. వచ్చీ రాగానే కీబోర్డు గుడ్డతో తుడిచి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, అప్పుడు కూర్చుంది. ఈ కుర్సీ నాకు దేవుడిచ్చినాడు పాపా, ఫ్యాను కింద కుచ్చోని పని చేసేది మా వంశంలో నేనే మొదలు అంది. మధ్యాహ్నం తన సంగటి ముద్దలో సగం తుంచి, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడితో నా చేతిలో పెట్టింది. నేను వద్దంటే వినే మనిషి కాదు.

నేను తింటూ కూడా స్క్రీన్లే చూస్తున్నాను. ఎవరైనా ఒక్కరు లాగౌట్ కొడితే చాలు. టీకి లేచారు, అన్నానికి లేచారు, ఇంటికి లేచారు. ఏమీ కాలేదు.

సాయంత్రం గ్రూపులో ప్రకాశం సార్ హర్షిణికి చప్పట్లు పెట్టాడు. అందరూ పెట్టారు. నేనూ పెట్టాల్సి వచ్చింది.

మే 13

సిస్టం పడలేదు.

మే 14, బుధవారం

ఎందుకు పడడం లేదో తెలిసింది. వీళ్ళెవరూ లాగౌట్ అవరు.

రెండో కౌంటరు శివజ్యోతి టీకి లేచి పోయింది, ఏసుమణి జరిగి ఆ కిటికీలో కూడా టోకెన్లు కొట్టింది. సాయంత్రం మానిటర్ ఆపేసి పోతారు, అంతే. రాత్రి సర్వర్ తనంతట తాను ఆగుతుంది, పొద్దున లేస్తుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే మూడు స్క్రీన్ల మీదా కుడి మూల తెల్లగా ఏదో ఉంది. ప్లాస్టరు. దెబ్బలకు వేసే బ్యాండేజీ ప్లాస్టరు ముక్క. లాగౌట్ బటన్ మీద కరెక్టుగా అతికించారు.

ఏసుమణిని అడిగాను. ఆమె ప్లాస్టరు కొస కొంచెం ఎత్తి చూపించింది. తెలుగులో పెట్టమని ఆసుపత్రి వాళ్ళు అడిగితే హర్షిణి బటన్లన్నీ తెలుగు చేసింది. లాగౌట్‌కి "వెళ్ళిపో" అని పెట్టింది.

ఆసుపత్రిలో కుచ్చోని వెళ్ళిపో అని యాడ నొక్కుతాం పాపా, ఇంట్లో నుంచి అంగడికి పోయేటప్పుడన్నా పోతా అంటామా, అందులో ఈడ లోపల మనుషులు యా స్థితిలో ఉంటారో ఏమో, వాళ్ళ మనుషులు అద్దం లోంచి చూస్తాంటారు అంది. ఆ ప్లాస్టరు మొదటి రోజే వేశారట, శివజ్యోతి తెచ్చిందట డ్రెస్సింగ్ రూము నుంచి.

నాకు ఒక పక్క నవ్వొచ్చింది, ఇంకో పక్క ఏడుపొచ్చింది. నా కసి మొత్తం ఒక ప్లాస్టరు ముక్క కింద ఇరుక్కుని ఉంది.

మే 16

హర్షిణి ఫోన్ చేసింది. సిస్టం బంగారు మాదిరి నడుస్తాండాది కదా, చూసినావా, క్లీనప్ అంటే ఇట్లుండల్ల అంది. అవును అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందో నాకే ఆశ్చర్యం వేసింది.

మే 18, ఆదివారం. కర్నూలు

ఇంటికి వచ్చాను. నాయన వాకిట్లో దేగులకు కళాయి పెట్టిస్తున్నాడు. అమ్మ నన్ను చూడగానే చిక్కిపోయినావు అంది, ఎప్పుడూ అనే మాటే.

నాయన పక్కన కూర్చుని అడిగాను, దేగ్ ఎవరు కడగాలి అని. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. ఆఖర్న లేసేటోళ్ళు కడగల్ల అన్నాడు. ఎవరు ఆఖరో తెలియకపోతే అన్నాను. వాళ్ళకు తెలీదమ్మా, తినేటోళ్ళకు ఎప్పుడూ తెలీదు, అందుకే నేను పోయి వాకిట్లో కుచ్చుంటా, అందరూ లేసిందాకా కుచ్చోని చూస్తాంటా అన్నాడు. నేను రాసిన కోడ్ అదే. వాకిట్లో కూర్చునే మనిషి. నలుగురిలో మా నాయన పని చెప్పి నవ్వించిన హర్షిణి, ఆ మనిషినే తీసేసింది.

వచ్చేటప్పుడు నాయన ఒక సంచి ఇచ్చాడు. బనగానపల్లె కాయలు, మాగబెట్టినవి. నీ స్నేహితురాలు ఆ పాపకు ఇయ్యి, మొన్న ఫోన్లో నన్ను శానా మర్యాదగా పలకరించింది అన్నాడు. సంచి భుజానికి వేసుకున్నాను. చెబితే ఆయన ఆ నవ్వు గురించి ఆలోచిస్తూ కూర్చుంటాడు.

బస్సు నంద్యాల దాటాక నాకు ఆ మాట తట్టింది. ఒక్క మాట. ఇంత సులువా అనిపించింది.

మే 19, సోమవారం

మామిడికాయలు కౌంటర్లలో పంచాను. హర్షిణికి ఒక్కటి కూడా పోలేదు.

ప్రకాశం సార్‌కి ఫోన్ చేసి, లాగౌట్ బటన్ మాట బాగాలేదట సార్, వాళ్ళు ప్లాస్టరు వేసుకున్నారు, మారుద్దాం అన్నాను. ఏం పెడదాం అన్నాడు. "పోయొస్తా" అన్నాను. ఆయన నవ్వి, భలే మాట తెచ్చినావమ్మా, ఇది మన సీమ మాట, ఇట్లాంటివే చేయల్ల మనం అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. దేనికి మెచ్చుకున్నాడో ఆయనకు తెలియదు.

సాయంత్రం ఓపీ మూసిన తర్వాత మార్చాను. ఒక్క స్ట్రింగ్, బటన్ మీద కనిపించే ఆ మాట. మూడు స్క్రీన్ల మీద ప్లాస్టర్లు నా గోటితో నేనే పీకాను. జిగురు మిగిలితే స్పిరిట్ పెట్టి తుడిచాను. లేచేటప్పుడు తప్పకుండా నొక్కాలి, అది పద్ధతి అని ముగ్గురికీ చెప్పాను. ఏసుమణి చదువుకుని ముసిముసిగా నవ్వింది. ఇదైతే నొక్కొచ్చు పాపా, ఇది మనిషి మాట్లాడినట్టు ఉండాది అంది.

ఎవరు నొక్కినా పడేది హర్షిణే. కోడ్ ఆమెది, స్లైడు ఆమెది, చప్పట్లు ఆమెవి.

మే 20, మంగళవారం. మధ్యాహ్నం 3

పడింది.

పదకొండు దాటాక ఏసుమణి టీకి లేచింది. నా వైపు తిరిగి, పోయొస్తా పాపా అని చెప్పి మరీ నొక్కింది. రెండో కౌంటరు ఆగింది. మూడోది ఆగింది. ఏసుమణి టీ తాగి వచ్చేసరికి హాలు గోల గోలగా ఉంది.

సర్వర్ రీస్టార్ట్ చేస్తే లేస్తుంది. నా వేలి దూరంలో ఉంది. చేయలేదు. ప్రకాశం సార్ రావాలి, హర్షిణి రావాలి, ఏఓ ముందు నిలబడాలి, అప్పుడు చేద్దామని కూర్చున్నాను. చూస్తున్నాను, వెతుకుతున్నాను అని అబద్ధం చెబుతూ కీబోర్డు ఊరికే కొట్టాను.

వాళ్ళు వచ్చేలోపు హాల్లో ఊపిరాడలేదు. ఒక ముసలాయన మూత్రం సంచి చేత్తో పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. ఒకతను అద్దం మీద చేత్తో బాది ఏసుమణిని నోటికి వచ్చినట్టు తిట్టాడు. ఆమె లేచి నిలబడి, నేనేం చేయలేదు సామీ, పోయొస్తా నొక్కినా అంతే అంది. ఆ మాట ఏఓ చెవిలో పడింది.

హర్షిణి వచ్చింది. ఎప్పుడు ఏమైందో సిస్టం రాసుకునే లాగ్ తెరిచింది. రెండు నిమిషాలు చూసింది. కౌంటర్ వన్ లాగౌట్ అయినాకనే అన్నీ పోయినాయి సార్, ఆమె ఏందో తప్పుగా నొక్కింది అంది.

ఏఓ ఏసుమణి వైపు చూశాడు. ప్రకాశం సార్ ఏసుమణి వైపు చూశాడు. నేను రీస్టార్ట్ చేశాను. అన్నీ లేచాయి.

నేను ఏం అనుకున్నానంటే, హర్షిణి కోడ్ తెరుస్తుంది, ముఖం మాడుతుంది, ఏఓ ఆమెను అడుగుతాడు, ఆమె దగ్గర జవాబు ఉండదు. ఏఓ కోడ్ చూడడని నాకు ఎందుకు తట్టలేదు. అతను మనిషిని చూస్తాడు. ఎదురుగా ఉన్న మనిషి ఏసుమణి.

మే 21

ఏసుమణిని మళ్ళీ వార్డుకు పంపారు. తుడిచేదానికి. కౌంటరు ఒకటిలో ఏఓ బంధువుల అబ్బాయి కూర్చున్నాడు.

మే 22, గురువారం

హర్షిణి టీ తెచ్చింది. తనే, చేత్తో, రెండు కప్పులు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

రాత్రి కోడ్ చదువుకుందట. అర్థమైందట. నా పొరపాటే ఆస్మా అంది. ఆ మాట కోసం ఎన్ని రోజులు ఎదురుచూశాను. విన్నాక ఏమీ అనిపించలేదు, ఎందుకంటే వెంటనే ఇంకో మాట అంది. అయినా రివ్యూలో నీ అప్రూవ్ ఉండాది కదా, ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం అంది. ప్రకాశం సార్‌కి చెప్పిందట, ఆయన ఆలోచించి ఒక దారి చూపించాడట. రిపోర్టు నేను రాయాలి, సైట్‌లో ఉన్నది నేను కాబట్టి. "యూజర్ ఎర్రర్, శిక్షణ లోపం." శనివారానికి ఇవ్వాలి. లోపల మనం సరిచేసుకుంటాం, ఆసుపత్రికి తెలియాల్సిన పని లేదు. ఆయమ్మకు ఎట్లా తుడిచే పని ఉండనే ఉండాది, అన్నం లేకుండా పోలేదు అంది.

నా టీ తాగేశాను. పారబోయాల్సింది. కావాలని ముంచబోయినదాన్ని, ఇప్పుడు ఆమెను నేనే కాపాడాలట. నన్ను ఆమె కాపాడుతుందట. ఇంతకంటే నన్ను ఎవరూ కొట్టలేరు.

మే 23, శుక్రవారం

ఆడవాళ్ళ మెడికల్ వార్డుకు వెళ్ళాను. ఏసుమణి మంచాల మధ్య తుడుస్తోంది. చెప్పాలని ముందే వాక్యాలు కూర్చుకుని వెళ్ళాను, ఒక్కటీ వరసలో రాలేదు. తప్పు నీది కాదక్కా అన్నాను. బటన్ వెనక కోడ్ తప్పు అన్నాను. అందరికీ కలిపి ఉన్నదాన్ని ఒక్కరు లేస్తే మూసేసేలా రాశారు అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. నీకు ముందే తెలుసా పాపా అని అడిగింది.

తెలుసు అన్నాను. తెలిసే నొక్కమని నేర్పించాను అన్నాను.

ఆమె గుడ్డ బకెట్టులో ముంచింది, పిండింది. మామిడికాయలు కూడా అందుకేనా అంది. అది కాదు, అది మా నాయన ఇచ్చినవి అన్నాను. అది నిజమే, కానీ నా నోట్లో నుంచి వచ్చేసరికి అబద్ధంలా ఉంది. ఆమె గుడ్డ నేల మీద పరిచింది. జరుగు, తడి ఉండాది అంది. జరిగాను. నేను నిలబడిన చోట కూడా తుడిచింది.

కోపం వచ్చి తిట్టి ఉంటే నాకు ఏదో ఒకటి చెప్పుకోవడానికి ఉండేది.

మే 24

రిపోర్టు ఈ రోజు ఇవ్వాలి. ఇవ్వలేదు.

మే 26, సోమవారం. ఉదయం 10

పంపాను.

ఏఓకి, ఆసుపత్రి ఎండీకి, ప్రకాశం సార్‌కి, హర్షిణికి. ఎండీ మెయిల్ ఐడీ ఫార్మసీ వాళ్ళ దగ్గర తీసుకున్నాను. ఎండీ డాక్టరు, ఆయనకు అర్థమయ్యేలా రాశాను. ఒక రోగి డిశ్చార్జి అయితే ఆ రోగి సెలైన్ తీస్తారు, వార్డు మొత్తానికి వచ్చే ఆక్సిజన్ లైను కట్టేయరు. మా సాఫ్ట్‌వేరు ఆక్సిజన్ లైను కట్టేసింది. రాసింది హర్షిణి. చదివి, తప్పు అని తెలిసి, సరే అన్నది నేను. ఎవరూ నొక్కని బటన్‌ని నొక్కేలా మార్చింది నేను. ఆ రోజు వెంటనే బాగు చేయగలిగి కూడా కూర్చున్నది నేను. ఏసుమణి మేము నేర్పింది నేర్పినట్టు చేసింది.

ఇది మంచితనం అనుకోకూడదు అని నాకు నేను రాసుకుంటున్నాను. ఏసుమణి కోసం పంపాను, అది నిజం. హర్షిణి పేరు టైప్ చేసేటప్పుడు నా వేళ్ళకు హాయిగా ఉంది, అదీ నిజం. ఆమెను ముంచాలంటే నేనూ మునగక తప్పలేదు, సరే అనుకున్నాను. ఎంత సేపు ఆలోచించినా ఈ రెంటిలో ఏది ముందో తేలలేదు.

మే 26, సాయంత్రం 5

ప్రకాశం సార్ అరవలేదు. అదే భయం వేసింది. నువ్వు శానా తెలివైనదానివని అనుకున్నానమ్మా, ఇంత విషం ఉంటుందని అనుకోల్యా అన్నాడు. లాప్‌టాప్ ఇచ్చి పొమ్మన్నాడు. హర్షిణి తన సీట్లోనే ఉంది, తల ఎత్తలేదు.

మా నాయన గురించి ఆ రోజు నవ్వారు కదా సార్ అన్నాను. ఏ రోజు అన్నాడు. ఆయనకు గుర్తే లేదు.

మే 29, గురువారం

శివజ్యోతి ఫోన్ చేసింది. ఎండీ స్వయంగా ఓపీకి వచ్చి ఏఓని అడిగాడట. ఏసుమణి మళ్ళీ కౌంటరుకు వచ్చింది. ఏఓ బంధువును స్టోర్సుకు పంపారు.

ఎట్లా ఉంది అని అడిగాను. బాగుండాది, కీబోర్డు తుడుచుకుని కుచ్చుండాది అంది. నా గురించి ఏమైనా అందా అని అడిగాను. లేదక్కా అంది. మీ పేరు నేను ఎత్తితే ఆయమ్మ క్యూలో తరువాత ఎవురు అని గట్టిగా పిలిచింది అంది.

జూన్ 1, ఆదివారం

హర్షిణిని తీసేయలేదు. సిస్టం సరిచేయడానికి ఎవరో ఒకరు కావాలి కదా. లీడ్‌గానే ఉంది. సరిచేసింది కూడా. కోడ్ అంతా దాచే రిపాజిటరీలోకి నన్ను రానీయకుండా చేయడం ఇంకా మరిచిపోయినట్టున్నారు, హాస్టల్లో కూర్చుని ఫోన్లో చూశాను.

నా పాత కోడ్ తిరిగి పెట్టింది. క్లాసు చివర్లో ఒక్కసారి మూసేది. నా టెస్టులన్నీ తిరిగి పెట్టింది. కామా కూడా మారలేదు. పైన ఆమె పేరు.

చూసి చూసి ఫోను బోర్లించాను. పళ్ళు కొరుక్కున్నాను. ఇన్నాళ్ళూ హర్షిణి గురించి ఇందులో ఎంత రాశానో వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఏసుమణికి డైరీ రాసే అలవాటు ఉందో లేదో తెలియదు. ఉంటే అందులో హర్షిణి నేనే.

రేపో మాపో కర్నూలు వెళ్ళిపోతాను. నాయనకు ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

జూన్ 3, మంగళవారం

ఏసుమణిని చూద్దామని ఆసుపత్రికి వెళ్ళాను. క్యూలో నిలబడ్డాను.

నా వంతు వచ్చింది. తల ఎత్తి చూసింది. పేరేంది అని అడిగింది. చెప్పాను. ఇంటిపేరుతో చెప్పల్ల అంది. చెప్పాను. వయసు అడిగింది. యా ఊరు అని అడిగింది. ఏం బాధ అని అడిగింది. కాసేపు చూసి, జనరల్ ఓపీ అని కొట్టుకుంది.

టోకెన్ చించి అద్దం కింద నుంచి తోసింది. ఆడ కుచ్చోండి, పిలుస్తారు అంది.

నాకు ఏ జబ్బూ లేదు. పిలిచేదాకా కూర్చున్నాను.